ఎవరి కోసం ఎవరాగాలి?

బతుకమ్మను వాయిదా వేయడం ఎవరి తరమూ కాదు. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలు, అక్కడి నుంచి తొమ్మిదో నాడు సద్దులు. ఫైలు మీద సంతకం కాలేదనో, నూలు లారీ దారిలో నిలిచిపోయిందనో అమావాస్య ఆగదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం దాదాపు కోటి మంది ఆడవాళ్లకు బతుకమ్మ చీర పెడతామంది. దాంతో సిరిసిల్ల సాంచెలకు పని దొరుకుతుందనీ అంది. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అనే అంటారు. ఆ లెక్కలో మొదటి నుంచీ కదలని తేదీ అమావాస్య ఒక్కటే. మిగతావన్నీ దాని నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాల్సినవి. తీరా ఆర్డరు చేతికొచ్చేసరికి పొద్దెక్కింది. సిరిసిల్ల నేయగలిగినంత నేసింది, తక్కువ పడింది సూరత్ నుంచి తెచ్చారు. సెప్టెంబరు 18న పంపిణీ మొదలైందో లేదో, ఇవేం చీరలంటూ కొన్ని చోట్ల ఆడవాళ్లు వాటిని నడిబజార్లో కుప్పపోసి తగలబెట్టారు.

సాంచెలు ఇంకాస్త జోరుగా ఆడి ఉంటే ఇది తప్పేదా? సిరిసిల్ల వీధిలో నిలబడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. చెవులు గింగుర్లెత్తే ఆ చప్పుడులో మనకు కనపడేదీ వినపడేదీ సాంచె ఒక్కటే కదా. కానీ దానికి ముందు నూలు రావాలి. వార్పిన్ యంత్రం దగ్గర పడుగు పోసి, దాన్ని చుట్టే భీమును నింపాలి. సాంచె మీద అయిపోయిన పడుగు కొసలకు కొత్త భీము పోగుల్ని జోడించే వైపని జరగాలి. ఇంకోవైపు పేక కోసం ఆడవాళ్లు కండెలు చుట్టి పెట్టాలి. నేత అయ్యాక కోత, మడత, కట్ట, లారీ, గోదాం, చివరికి ఊరు. వీటిలో ఏది దేనికోసం ఆగాలి, ఏది ఆగక్కర్లేదు? దీన్ని కాగితం మీద తేల్చడానికి మనిషికి చాలాకాలం పట్టింది. గీతలూ బాణాలే తప్ప ఇనుప ముక్క ఒక్కటీ లేని ఆ యంత్రం వయసు ఇంకా డెబ్బై ఏళ్లే.

దాని పూర్వీకులు రోలింగ్ మిల్లుల్లో పుట్టారు. 1896 ప్రాంతంలో పోలండ్ ఇంజినీరు కరోల్ అడామియెట్స్కీ, ఒక పని ఇంకో పనికి ఎలా జతపడుతుందో చూపే పటం గీసి హార్మోనోగ్రామ్ అన్నాడు. దాన్ని విస్తారంగా అచ్చు వేయించింది మాత్రం 1931లో, అదీ పోలిష్ భాషలో. ఈలోగా అమెరికాలో హెన్రీ గాంట్ అనే మెకానికల్ ఇంజినీరు గీసిన అడ్డపట్టీల పటం పేరు తెచ్చుకుంది. ఎడమ నుంచి కుడికి తేదీలు, ఒక్కో పనికి ఒక్కో పట్టీ. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ఓడలు కట్టడానికీ ఇది పనికొచ్చింది. ఈ రోజుకీ ఏ కాంట్రాక్టరు గోడ మీద చూసినా గాంట్ చార్టే. అయితే పట్టీ చెప్పేది ‘ఈ పని ఈ తేదీ నుంచి ఆ తేదీ దాకా’ అని మాత్రమే. పై పట్టీ నాలుగు రోజులు జరిగితే కింది వాటిలో ఏవి జరగాలో గాంట్ నాటి పటం చెప్పదు. పనులు ఇరవై అయితే మనసులో పెట్టుకోవచ్చు. రెండు వేలైతే?

ఆ బెడద అసలు రుచి చూసింది డూపాంట్ రసాయనాల కంపెనీ. కొత్తగా తెచ్చుకున్న యూనివాక్ కంప్యూటరుకు తగిన పని వెతుకుతున్న రోజులవి. 1956 చివర్లో డూపాంట్ ఇంజినీరు మోర్గన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ కంపెనీ గణితజ్ఞుడు జేమ్స్ కెల్లీ జత కలిశారు. ప్రతి పనినీ ఒక బాణంగా గీశారు. బాణం తోక దగ్గర పని మొదలు, మొన దగ్గర పూర్తి. ముందు పని మొన నుంచే తర్వాతి పని తోక మొలుస్తుంది, రెండూ కలిసే చోట ఒక సున్న. కొన్నిచోట్ల పనేమీ ఉండదు, ‘అది అయ్యేదాకా ఇది మొదలుకావద్దు’ అన్న కట్టుబాటు మాత్రమే ఉంటుంది. దానికి కాలం పట్టని చుక్కల గీత గీశారు, ఉత్తుత్తి బాణం. మొత్తం గీశాక మొదటి సున్న నుంచి చివరి సున్న దాకా పోయే దారుల్లో అన్నిటికన్నా పొడుగైనదేదో కంప్యూటరు చేత వెతికించారు. ఆ దారి మీది పని ఒక్కరోజు ఆలస్యమైతే మొత్తం ఒక్కరోజు ఆలస్యం. మిగతా దారుల్లో ఎంతో కొంత వెసులుబాటు ఉంటుంది. కెల్లీ ఆ దారిని ‘ప్రధాన గొలుసు’ అన్నాడు. క్రిటికల్ పాత్ అనే పేరు తమది కాదనీ, నౌకాదళం వాళ్లు పెట్టిందనీ తర్వాత తనే చెప్పాడు. లూయివిల్‌లో డూపాంట్ ప్లాంటును మరమ్మతుకు ఆపినప్పుడు ఈ పటం పెట్టి చూస్తే, సగటున 125 గంటలు పట్టే మరమ్మతు 93 గంటలకు దిగింది. అందరినీ పరుగెత్తించి సాధించింది కాదది. ఎవరిని పరుగెత్తించాలో తెలియడం వల్ల కుదిరింది.

దీన్ని కోరుట్ల పొలంలో పెట్టి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. నారుమడి సిద్ధం చేయడానికి మూడు రోజులు. ఆ పక్కనే వడ్లు నానబోసి మండె కట్టడానికి రెండు రోజులు. రెండూ ఒకేసారి సాగుతాయి కాబట్టి మూడే లెక్క. అలికాక నారు ఎదగడానికి ఇరవై అయిదు రోజులు. అంటే 28 రోజులకు నారు నాటుకు సిద్ధం. మరోవైపు పొలంలో కరిగెట. మొదటి దున్నకం ఎనిమిది రోజులు, గట్లు చెక్కి చదును చేయడం నాలుగు, మొత్తం పన్నెండు. నాటు పడాలంటే నారూ కావాలి, పొలమూ కావాలి. రెండు బాణాల మొనలూ ఒకే సున్న దగ్గర కలుస్తాయి. పొడుగు దారి నారుదే, పొలానికి పదహారు రోజుల వెసులుబాటు. ఒక రైతు నారుమడిని బావి నీళ్లతో గడిపేసి, పొలానికి కాకతీయ కాలువ నీళ్ల కోసం చూస్తున్నాడనుకోండి. నీళ్లు పది రోజులు ఆలస్యమైనా ఆ రైతుకు పోయేదేం లేదు, ఊళ్లో ఎంత గగ్గోలు పుట్టినా సరే. అదే ఇరవై రోజులు ఆలస్యమైతే పొలం దారి 32 రోజులవుతుంది. ఉన్నట్టుండి అసలు దారి మారిపోతుంది. అప్పుడిక నారుకు మందులేసి లాభం లేదు, అది మడిలో ముదురుతుంటే చూస్తూ కూర్చోవడమే. ఆ నాలుగు రోజుల నష్టం మడిలో పుట్టింది కాదు, కాలువ తూము దగ్గర పుట్టింది.

రైతుకు ఇది కాగితం మీద గీసి చూపక్కర్లేదు. చూపాల్సింది, ఎన్నడూ నాటు వేయని వాళ్లు నీళ్ల విడుదలకు తేదీ పెట్టే చోట.

డూపాంట్ బాణాలు గీస్తున్న రోజుల్లోనే, వాళ్ల సంగతి తెలియకుండా, అమెరికా నౌకాదళం జలాంతర్గామి నుంచి పేల్చే పొలారిస్ క్షిపణి కోసం 1958లో ఇలాంటిదే తయారుచేసుకుంది. దాని పేరు పెర్ట్. అలాంటి క్షిపణి అంతకుముందు ఎవరూ చేసింది కాదు, ఏ పనికి ఎన్నాళ్లు పడుతుందని ఎవరిని అడుగుతారు? అందుకని ఒక్క అంకె అడగడం మానేసి మూడు అడిగారు. అంతా కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, అన్నీ ఎదురు తిరిగితే ఎంత. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు. సాంచె దగ్గరికి వస్తే, ఒక భీము నేయడానికి కలిసొస్తే పది రోజులు, మామూలుగా పన్నెండు, కరెంటు సతాయించి పోగులు తెగితే ఇరవై అనుకుందాం. పది, నలభై ఎనిమిది, ఇరవై కలిపితే డెబ్బై ఎనిమిది. ఆరుతో భాగిస్తే పదమూడు. మామూలు కంటే ఒక్కరోజు ఎక్కువ. ఆ ఒక్కరోజును సాంచెల ఆసామి మర్యాద కోసం మింగేస్తాడు. “ఎప్పుడిస్తవే అన్నా?” అంటే “పన్నెండు రోజులల్ల ఇస్త తియ్” అంటాడు. ఏ వృత్తిలోనైనా అంతే, ఈ వ్యాసం ఇస్తానన్న తేదీతో సహా.

1960 జులై 20న నీళ్లలోంచి పొలారిస్ లేచింది. దాంతో పెర్ట్ కీర్తి ఖండాలు దాటింది. నన్నడిగితే ఆ కీర్తిలో సగం పుకారు. హార్వీ సపోల్స్కీ అనే పరిశోధకుడు ఆ కార్యక్రమం చరిత్ర తవ్వి 1972లో పుస్తకం వేశాడు. పని చేసే ఇంజినీర్లు పెర్ట్‌ను పెద్దగా పట్టించుకోలేదనీ, అడిగేవాళ్ల నోళ్లు మూయించడానికే అది ఎక్కువగా అక్కరకొచ్చిందనీ అందులో తేల్చాడు. మన సమీక్షా సమావేశాల్లో రంగురంగుల చార్టులు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఈ బొమ్మను మళ్లీ నేలమీదికి దించినవాడు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ ఫోండాల్. కంప్యూటరు లేని మేస్త్రీలు ఏం చేయాలని ఆలోచించి, 1961లో పెన్సిలుతో సాగే పద్ధతి రాశాడు. పనిని బాణం నుంచి తీసి సున్నలో పెట్టాడు. గీతలకు మిగిలింది ఎవరి కోసం ఎవరాగాలో చెప్పే పనే. దాంతో ఉత్తుత్తి బాణాల అవసరం పోయింది. నేటి సాఫ్ట్‌వేర్లన్నీ దాదాపు ఆ దారినే నడుస్తున్నాయి. కొండగట్టు దగ్గరి నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ లాంటి చోట్ల ఇంజినీరింగ్ పిల్లలు మాత్రం పరీక్ష కోసం పాత బాణాలూ నేర్చుకుంటారు.

ఇప్పుడు కోటి చీరల లెక్కకు వద్దాం. బాణం గీసే ముందు లక్ష్యాన్ని పనులుగా విడగొట్టాలి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ‘నేతన్నకు ఉపాధి’ అన్నది మంచి మాటే, దాన్ని సున్నలో రాయలేం. ‘అమావాస్యకు రెండు రోజుల ముందు ఊళ్లో చీర’ అన్నది రాయగలం. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, కలిపి 6.3 మీటర్లు. కోటితో గుణిస్తే 6.3 కోట్ల మీటర్లు. సిరిసిల్లలో సాంచెలు పాతికవేలకు పైనే. అందులో 15 వేలు ఈ పనికి దొరికి, ఒక్కోటి రోజుకు 50 మీటర్లు నేస్తుందనుకుంటే 84 రోజులు. ఇది నేత ఒక్కటే. ముందు నూలు, వార్పిన్, వైపని ఉన్నాయి, వెనక మడతా లారీ ఉన్నాయి. సెలవులు కలపకుండానే నాలుగు నెలలు దాటుతుంది. అమావాస్య సెప్టెంబరులో వస్తే ఆర్డరు ఎండలు ముదరకముందే ఖరారు కావాలి. సాంచెలు రెట్టింపు జోరుగా ఆడినా మిగిలేది ఆరు వారాలే. టెండరు కాగితం ఓ మూల రెండు నెలలు కూర్చుంటే అవీ పోతాయి.

2018 నుంచి ఆర్డరు ప్రధానంగా సిరిసిల్లకే వచ్చింది. పంచాంగం కూడా ఒక్కసారి కనికరించింది. 2020లో అధిక ఆశ్వయుజం పడి, సెప్టెంబరు 17 అమావాస్యకూ అక్టోబరు 16న ఎత్తుకున్న బతుకమ్మకూ నడుమ నెల రోజుల ఎడం దొరికింది. కరోనా ఏట ఆ నెల విలువ ఇంతా అంతా కాదు. 2024లో బతుకమ్మ చీరలు ఆగిపోయాయి. ఆ తర్వాత మహిళా సంఘాల సభ్యుల కోసం ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డరు వచ్చింది, సాంచెలు మళ్లీ మోగాయి. వాటి పంపిణీ మొదలైంది 2025 నవంబరు 19న, ఇందిరాగాంధీ పుట్టినరోజు నాడు. అప్పటికి సద్దుల బతుకమ్మ వెళ్లి ఏడు వారాలు.