బంతితో ఎదిగి, బంతిని వదిలి

ఆటను ప్రచార సాధనంగా మార్చుకున్న షికాగో విశ్వవిద్యాలయం చివరికి దాన్నే వదులుకుంది

1892 అక్టోబర్ 1న షికాగో విశ్వవిద్యాలయంలో తొలి తరగతులు మొదలయ్యాయి. అప్పటికి పాఠాలు చెప్పడానికి ఉన్న భవనం కాబ్ హాల్ ఒక్కటే. చుట్టూ చిత్తడి నేల. ఫుట్‌బాల్ జట్టు మాత్రం అదే నెలలో బరిలోకి దిగింది.

అది యాదృచ్ఛికం కాదు. చమురు కుబేరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ ఇస్తానన్న 6 లక్షల డాలర్లతో సంస్థకు పునాది పడింది. కానీ హార్వర్డ్, యేల్‌ల వెనుక తరాల చరిత్ర ఉంది. నిన్నగాక మొన్న పుట్టిన సంస్థ పేరు దేశానికి తెలిసేదెలా? అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ రెండు దారులు పట్టారు. ఒకటి, ఇతర విశ్వవిద్యాలయాల నుంచి పండితులను రప్పించడం. 1907లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న ఆల్బర్ట్ మైకేల్సన్ అలా వచ్చినవారే. రెండోది ఆట. యేల్‌లో తన దగ్గర చదువుకున్న క్రీడాకారుడు ఆమోస్ అలోంజో స్టాగ్‌ను పిలిచి, ఆచార్య హోదాతో వ్యాయామ విభాగాన్ని అప్పగించారు. ఆటల శిక్షకుడికి అధ్యాపకులతో సమానంగా శాశ్వత కొలువు ఇవ్వడం అప్పట్లో కొత్త సంగతి.

మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదిది. బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చిన వారిని తోసుకుంటూ దూసుకెళ్లే మొరటు ఆట. మొదట్లో ఆటగాళ్లు చాలక స్టాగ్ స్వయంగా ఆడాల్సి వచ్చింది.

క్యాంపస్ జీవితం మిగతా చోట్ల కంటే భిన్నంగా ఉండేది. మొదటి రోజు నుంచే మహిళలకు ప్రవేశం ఉంది. ఏడాదిని నాలుగు భాగాలు చేసి, వేసవిలోనూ చదువు సాగించారు. 1893లో పక్కనే ప్రపంచ ప్రదర్శన జరిగింది. తొలి ఫెర్రిస్ వీల్ తిరిగింది ఆవరణను ఆనుకుని ఉన్న మిడ్‌వే పైనే. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత మహాసభ కూడా ఆ ప్రదర్శనలో భాగంగా నగరంలో జరిగిందే.

జట్టు పేరు త్వరగానే ఊళ్లు దాటింది. 1894లో స్టాగ్ తన కుర్రాళ్లను రైల్లో కాలిఫోర్నియా తీసుకెళ్లి స్టాన్‌ఫర్డ్‌తో ఆడించారు. 1896 జనవరిలో షికాగో, అయోవా జట్లు ఐదుగురేసి ఆటగాళ్లతో బాస్కెట్‌బాల్ ఆడాయి. షికాగో 15-12తో గెలిచింది. అదే ఏడాది ఏడు సంస్థలు కలిసి, తర్వాత 'బిగ్ టెన్'గా పేరుపడ్డ కూటమిని ఏర్పాటు చేశాయి. విద్యార్థుల ఆటలను ఆచార్యులు అదుపు చేయాలన్నది దాని ఉద్దేశం.

అదుపు చేయాల్సిన అవసరం అప్పటికే వచ్చింది. టికెట్ల డబ్బు పెరిగింది, గెలుపే ముఖ్యమైంది, చదువుతో పనిలేని ఆటగాళ్లు చేరుతున్నారన్న ఆరోపణలు వచ్చాయి. పైగా ఆట ప్రాణాంతకంగా మారింది. 1905 సీజన్‌లో దేశవ్యాప్తంగా కనీసం 18 మంది చనిపోయారని పత్రికలు లెక్కగట్టాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకోక తప్పలేదు. 1906లో నిబంధనలు మారి, బంతిని ముందుకు విసరడానికి అనుమతి లభించింది. షికాగోకు మాత్రం 1905 కీర్తి సంవత్సరం. 56 ఆటలుగా ఓటమి ఎరుగని మిషిగన్‌ను 2-0తో ఓడించింది.

హార్పర్ 1906లో మరణించారు. 70 ఏళ్లు నిండిన స్టాగ్‌ను 1930ల ఆరంభంలో సాగనంపారు. మరో అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ దృష్టిలో విశ్వవిద్యాలయం పని చదువే. 1939లో అదే మిషిగన్ చేతిలో 85-0తో చిత్తయ్యాక, డిసెంబర్‌లో ఫుట్‌బాల్‌ను రద్దు చేశారు. బోసిపోయిన స్టాగ్ ఫీల్డ్ ప్రేక్షకుల గ్యాలరీ కింద 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం తొలి అణు గొలుసు చర్యను సాధించింది. ఆ స్థలంలో 1970లో పెద్ద గ్రంథాలయం వెలిసింది.

1969లో ఫుట్‌బాల్ తిరిగి వచ్చింది, కానీ క్రీడా స్కాలర్‌షిప్పులు లేకుండా. హార్పర్ వేసిన బాటను వదలని సంస్థల పరిస్థితి వేరు. 2025లో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం, ఒక్కో సంస్థ తొలి ఏడాది తన క్రీడాకారులకు 2 కోట్ల డాలర్లకు పైగా నేరుగా చెల్లించవచ్చు. ఆటగాడు విద్యార్థా, ఉద్యోగా అన్న వాదన అక్కడ ఇంకా తెగలేదు.