స్వరపత్రం కొనే ముందు

గణతంత్ర దినోత్సవ కవాతు సమీపిస్తున్నదంటే ఏ కర్మాగారపు బ్యాండులోనైనా స్వరపత్రాల వేట మొదలవుతుంది. ఎవరో ఒక ఫైలు తెస్తారు. మిగిలిన పని జిరాక్సు యంత్రానిది! స్వరపత్రాలను ఇంటర్నెట్ ద్వారా సక్రమంగా కొని ముద్రించుకొనే సదుపాయం నేడు ఉన్నది. దానిని వినియోగించుకొనదలచిన ఇత్తడి వాద్య కళాకారుల కోసమే మేమీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా చూడవలసినది వాద్యపు శ్రుతి. బి ఫ్లాట్ ట్రంపెట్‌పై ‘సి’ అని వ్రాసిన స్వరం బి ఫ్లాట్‌గా పలుకుతుంది. ఎఫ్ హార్న్‌పై అదే స్వరం ఎఫ్‌గా పలుకుతుంది. ఒకరి పత్రం మరొకరి చేతికిస్తే మేళం చెడుతుంది. యూఫోనియం సంగతి మరీ చిత్రం: బ్రిటిష్ బ్రాస్ బ్యాండులలో దానికి ట్రెబుల్ క్లెఫ్‌లో వ్రాస్తారు, ఇతర బ్యాండులలో తరచు బాస్ క్లెఫ్‌లో. నమూనా పుట చూడనిదే పైకం చెల్లించరాదు.

ప్రతుల సంఖ్య కూడ ముఖ్యమే. చూపిన ధర ఒక్క ప్రతికా, బ్యాండు మొత్తానికా అన్నది షరతులలో ఉంటుంది.

పాత కృతులు ఉచితమే కదా అనవచ్చు. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం స్వరకర్త మరణానంతరం 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. 1934లో మరణించిన గుస్తావ్ హోల్స్ట్, సైనిక బ్యాండుకై 1909లో రచించిన ఇ ఫ్లాట్ సూట్‌పై ఆ గడువు ఏనాడో తీరినది. కాని అదే కృతిని నేడొకరు చిన్న బృందానికి అనువుగా మలచితే ఆ కూర్పుపై హక్కు వారిదే. పన్నెండు వాద్యాలకు విడివిడిగా వ్రాసే శ్రమ సామాన్యమైనది కాదు. దాని ప్రతిఫలం జిరాక్సు దుకాణానికి చేరడం న్యాయమా?

కొన్న ఫైలుతోపాటు రశీదును కూడ బ్యాండు దస్త్రంలో ఉంచండి. ఆడిట్ వారు అడుగక మానరు.