అంగడియు నగరధర్మమును

హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్టు ఏడవ నిజాము కాలమున 1935లో, ఆయన రెండవ కుమారుని పేర వెలసినది. శిథిలమైన దానిని ప్రభుత్వము బాగుచేయించి 2020 ఆగస్టులో తిరిగి తెరిపించినది. రాతిగోడలు నిలిచినవి, కాని గోడలే అంగడి కావు.

అద్దెరాబడి చాలనప్పుడు ఇట్టి అంగళ్లకు ధనసహాయము మానవలెనని కొందఱు వాదింతురు. మేమందుల కంగీకరింపము. వీథిదీపము లాభము తెచ్చుచున్నదా యని ఎవరైన నడుగుదురా? అంగడి మూసినచో చిన్నవర్తకుడు నడివీథికి వచ్చును. వానిని తరుముటకును నగరమే వ్యయము చేయవలెను.

అయినను నియమములేని సహాయము చిల్లికుండలో పోసిన నీరు. స్వయముగా అమ్ముకొనువారికే దుకాణము లీయవలెను. వానిని హెచ్చు అద్దెకు పరులకిచ్చుట నిషేధింపవలెను. ఏటేట జమాఖర్చులు ప్రకటింపవలెను. ఈ కట్టుబాట్లతో సహాయము కొనసాగించుటయే నగరపాలకులకు ధర్మమని మా దృఢాభిప్రాయము.