గుప్పిట్లో చింతపిక్కలు

దీపావళి సంచికకు ఏదైనా రాయమంటే వంటల గురించి రాద్దామనుకున్నాను. కానీ ఈసారి అల్ఫారెట్టా వచ్చాక నేను నేర్చుకున్నది లెక్కలు!

ఆగస్టులో బడులు తెరవగానే ఆరేళ్ళ మనవరాలి హోంవర్కు నాకు అప్పగించింది మా అమ్మాయి. తెనాలిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఒకటో గ్రేడు లెక్కలు నాకో లెక్కా అనుకున్నాను.

8 + □ = 11. ఖాళీ గడిలో ఎంత? "పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యమ్మా" అని చిట్కా చెప్పేశాను. అరపేజీ గబగబా చేసేసింది. ఆ కింద □ − 3 = 5 వచ్చింది. నా చిట్కా ప్రకారం 2 అని వేసింది. మర్నాడు ఆ వరసంతా తప్పులై తిరిగొచ్చింది. "నాకు లెక్కలు రావు అమ్మమ్మా" అంటూ కాగితం సోఫా కిందకి తోసేసింది. తప్పు నాది, అపవాదు దానికి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే చింతపండులోంచి పిక్కలు ఏరి, కడిగి ఆరబెట్టాను. (గింజ తీసినదని పాకెట్ మీద రాసినా ఎన్ని పిక్కలుంటాయో మీకు తెలియనిది కాదు.) మనం చిన్నప్పుడు సరి బేసి ఆడిన పద్ధతే. ఎనిమిది కార్పెట్ మీద, మిగతావి గుప్పిట్లో. "మొత్తం పదకొండు. ఎనిమిదికి ఎంత కలిపితే పదకొండు?" తొమ్మిది, పది, పదకొండు అంటూ మూడు వేళ్ళు చూపించింది. ఖాళీ గడి అంటే మూసిన గుప్పిటే.

తర్వాత గుప్పిట్లోంచి మూడు తీసి బయట పెట్టి, చెయ్యి తెరిచి మిగిలిన ఐదూ చూపించాను. "మొదట ఎన్నున్నాయి?" ఆ మూడూ తనే తిరిగి నా చేతిలో పోసి లెక్కపెట్టింది. ఎనిమిది! క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో చెప్పిన విలోమ పద్ధతి ఇదే: వెనక్కి వెళ్ళేటప్పుడు తీసినదాన్ని కలపాలి, కలిపినదాన్ని తీయాలి.

ఇంతకన్నా చిక్కు సమానం గుర్తుతో. 8 + 4 = □ + 5 అని నేనే ఇస్తే 12 అంది. ఆ గుర్తుంటే "జవాబు రాయి" అని దాని అర్థం. దాన్నేం అనను. ఫాక్నర్, లీవై, కార్పెంటర్ అనే అమెరికా పరిశోధకులు 1999లో ప్రచురించిన వ్యాసంలో ఇదే లెక్క ఉంది. ఆరో గ్రేడు పిల్లలు 145 మందికి ఇస్తే, అందరూ 12 అనో 17 అనో అన్నారట! 7 అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

అందుకని బట్టల హేంగరుకి రెండు పేపరు కప్పులు కట్టి తక్కెడ చేశాం. చింతపిక్కలు ఒక్క బరువుండవు కనుక ఒకే సైజు లెగో ముక్కలు వాడాం. ఒకవైపు ఎనిమిదీ నాలుగూ, రెండోవైపు ఐదు. ఒక్కొక్కటే వేస్తూ పోతే ఏడో ముక్కకి హేంగరు సమంగా నిలిచింది.

చిట్కాలు చెప్పడం మానేశాను. లెక్కని ముందు మాటల్లో చెప్పమంటాను. దాగి ఉన్నది మొత్తమా, అందులో భాగమా అని అడుగుతాను. జవాబు గడిలో పెట్టి సరిచూడమంటాను.

నిన్న కాఫీ తాగుతుంటే గుప్పిట మూసుకుని వచ్చింది. "మొత్తం పదమూడు అమ్మమ్మా, కింద తొమ్మిదున్నాయి." నేను కావాలనే ఐదన్నాను. "గడిలో పెట్టి చూడు, పద్నాలుగు అవట్లేదూ?" అని నన్ను కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచి చెప్పింది.