కాలేయ వ్యాధులు – ఆరోగ్య బీమా

పచ్చకామెరలతోనో, కడుపులో పుండుతోనో ఆసుపత్రి పాలై, అప్పుకై పొలమును తాకట్టు పెట్టు రైతులను చూచుచునే యున్నాము. కావున బీమా దేనికి చెల్లునో సభ్యులకు విన్నవించుచున్నాము.

2018 సెప్టెంబరు 23న ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమున అర్హతగల కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఉచితము. చేరుటకు ముందు 3 దినముల, విడిచిన పిదప 15 దినముల ఖర్చులును ఇందే చేరును. ఆసుపత్రిలో చేరక వాడుకొను మందులకు చెల్లదు.

అంగడిలో కొను లివరు టానిక్కులకు, విటమిను బిళ్ళలకు ప్రైవేటు బీమాలును సాధారణముగా సొమ్మియ్యవు. ఆసుపత్రి చికిత్సలో భాగముగా వైద్యుడు వ్రాసిన యెడల చెల్లవచ్చును.

కాలేయమును చెరచు హెపటైటిస్ బి, సి వ్యాధులకు 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ కేంద్రములలో పరీక్షలును మందులును ఉచితము. టానిక్కులతో కాలము పుచ్చక, ముందుగా రక్తపరీక్ష చేయించుకొనుడు. వైద్యుని చీటీలను, రసీదులను భద్రపరచుకొనుడు.