బ్యాచ్ లెక్క ఒక్క వరుసలో: ఖర్చు, రాబడి మొత్తం దానంతటదే వచ్చేలా



మార్కెట్‌లో మంచి రేటు పలికితే ఆ బ్యాచ్‌లో బాగా మిగిలిందనుకుంటాం. కానీ ఎంత మిగిలిందో రేటు చెప్పదు. ఆ బ్యాచ్ మొత్తం ఖర్చు, మొత్తం రాబడి పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఒక బ్యాచ్ గూడు కట్టకముందే ఇంకో బ్యాచ్‌కి చాకీ చెప్పేస్తాం కాబట్టి ఖర్చులు కలిసిపోతాయి. ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉంటే వీటిని విడదీయడం సులువు.

మూడు షీట్లు పెట్టుకోండి

1. బ్యాచ్ షీట్: ఒక బ్యాచ్‌కి ఒక్క వరుసే. బ్యాచ్ నంబరు, తేదీ, ఎన్ని గుడ్లు.
2. ఖర్చు షీట్: చాకీ, కూలీ, మందు, బండి బాడుగ. ఏ రోజు ఖర్చు ఆ రోజు ఒక వరుస. ప్రతి వరుసలో బ్యాచ్ నంబరు ఉండాలి.
3. అమ్మకం షీట్: ఒక్కో లాట్‌కి ఒక వరుస. బ్యాచ్ నంబరు, కిలోలు, వచ్చిన డబ్బు.

మూడింటినీ కలిపేది బ్యాచ్ నంబరు ఒక్కటే.

మొత్తం ఎలా తెప్పించాలి

బ్యాచ్ షీట్‌లో 'మొత్తం ఖర్చు' గడిలో ఈక్వల్ గుర్తు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో సమ్‌ఇఫ్ అని కొట్టి బ్రాకెట్ తెరవండి. లోపల మూడు సంగతులు చెప్పాలి, మధ్యలో కామా పెట్టాలి: ఎక్కడ వెతకాలి (ఖర్చు షీట్‌లో బ్యాచ్ నంబరు నిలువు వరుస), ఏది వెతకాలి (ఈ వరుసలో ఉన్న బ్యాచ్ నంబరు గడి), ఏది కూడాలి (ఖర్చు షీట్‌లో డబ్బు నిలువు వరుస). బ్రాకెట్ మూసేయండి. దాన్నే కింది గడులకు కాపీ చేస్తే చాలు. రాబడికి, కిలోలకు కూడా ఇదే పద్ధతి, అమ్మకం షీట్ చూపించాలి అంతే. తర్వాత ఖర్చు రాసినప్పుడల్లా మొత్తం దానంతటదే మారుతుంది. మొత్తం గడిలో మాత్రం చేత్తో అంకె వేయకండి, ఫార్ములా పోతుంది.

ఉదాహరణకు బి7 బ్యాచ్, 100 గుడ్లు అనుకుందాం. ఒక లాట్ 40 కిలోలు 520 రూపాయల లెక్కన, ఇంకోటి 32 కిలోలు 450 లెక్కన పోయింది. రాబడి 35,200. ఖర్చు 16,000 అయితే మిగిలింది 19,200. సగటు రేటు కావాలంటే 520, 450 కూడి సగం చేయకూడదు, 485 అని తప్పు వస్తుంది. మొత్తం డబ్బును 72 కిలోలతో భాగిస్తే సుమారు 489.

లెక్క ఎక్కడ తప్పుతుంది

• బి7 అని ఒకచోట, మధ్యలో ఖాళీ వదిలి బి 7 అని ఇంకోచోట రాస్తే ఆ ఖర్చు కూడిక్కి రాదు.
• బ్యాచ్ నంబరు 3-7 అని పెడితే షీట్ దాన్ని తేదీగా మార్చేయొచ్చు. ముందు అక్షరం పెట్టండి.
• డబ్బు గడిలో 'రూ 500' అని రాస్తే అది మాట అయిపోతుంది, కూడదు. 500 అని మాత్రమే వేయండి.
• తోటకి వేసిన ఎరువు అన్ని బ్యాచ్‌లదీ. దానికి 'తోట' అని వేరే పేరు పెట్టి, బ్యాచ్ షీట్‌లోనూ ఆ పేరుతో ఒక వరుస ఉంచండి.

నెలకోసారి ఒక పరీక్ష చేయండి. బ్యాచ్ షీట్‌లోని ఖర్చులన్నీ కూడితే, ఖర్చు షీట్ మొత్తంతో సరిపోవాలి. తేడా వస్తే ఏదో వరుసలో నంబరు తప్పిందని అర్థం.

చాకీ కేంద్రం నడిపేవాళ్లు బ్యాచ్ బదులు రైతు పేరు పెట్టుకుంటే ఎవరి బాకీ ఎంతో ఇలాగే కనిపిస్తుంది. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే నంబరు ఇవ్వండి.

నాలుగైదు బ్యాచ్‌లు ఇలా రాస్తే ఏ కాలంలో ఎన్ని గుడ్లు పెట్టాలో, కూలీ ఎక్కడ ఎక్కువ పోతోందో మన అంకెలే చెబుతాయి. వచ్చే చాకీ రోజు నుంచే మొదలుపెట్టండి.