త్రోవలో ఆగు పాత కారు

అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, అట్టి పాత కార్లలో పిల్లలను బడికి తెచ్చు తల్లిదండ్రులు మనలో ఇంకను గలరు. ఇనుప ఖనిజపు లారీలు తిరుగు సండూరు, హోస్పేట త్రోవలలో కారు హఠాత్తుగా ఆగుట ప్రాణాపాయము. కావున కారణము నెరుగు క్రమమును ఇచట వివరించుచున్నాము.

ఇంజను నడచుటకు పెట్రోలు, గాలి, నిప్పురవ్వ కావలెను. ఆగిన తీరును బట్టి దేనికి లోపము కలిగెనో చాలవరకు ఊహింపవచ్చును.

కుదుపులతో బలము తగ్గుచు ఆగినచో పెట్రోలుగాని గాలిగాని సరిగా అందుట లేదనుకొనవలెను. ట్యాంకులోని త్రుప్పు కార్బ్యురేటరు సన్నని రంధ్రములను మూయును. మన ఎర్రదుమ్ము గాలి వడపోతను పూడ్చును. ట్యాంకు మూత వదులు చేయగానే గాలి లోనికి పోవు చప్పుడు వినబడి, పిదప కారు నడచినచో, మూతలోని గాలిరంధ్రము మూసికొన్నదని తెలియును.

దీపము ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగినచో నిప్పురవ్వ లోపము కావచ్చును. కాయిలు, కండెన్సరు, తీగల బిగింపులు చూపింపవలెను.

వేసవి మధ్యాహ్నమున ఆగి, చల్లారిన పిదప నడచు కారే మోసకారి. గొట్టములోని పెట్రోలు వేడికి ఆవిరియై ధార తెగవచ్చును. లేక కాయిలు వేడెక్కి నీరసింపవచ్చును. చల్లారిన కారులో మెకానిక్కునకు లోపము కానరాదు. కనుక ఎన్ని కిలోమీటర్లకు ఆగెనో, ఎంతసేపటికి మరల నడచెనో వ్రాసికొని చెప్పవలెను.

కారు ఆగినప్పుడు ముందుగా పిల్లలను దింపి రోడ్డునకు దూరముగా నిలుపుడు. బానెట్టు తెరచుట ఆ పిదపనే.